మీ ఇంట్లో కుక్క ‘అది’యా, ‘వాడా’? ముద్దు మాటలు, తిట్లు, పిలుపులు

గోదారిగట్టు
నేను పేరు అడగట్లేదు. పేరు అందరికీ ఉంటుంది. టామీ, టైగరు, రాకీ, స్నూపీ. టీకాల కార్డు మీద రాయించే పేరు వేరు, ఇంట్లో నోటికొచ్చే మాట వేరు. నాకు ఆ రెండోది కావాలి. మా వాడి కార్డు మీద ‘బ్రూనో’ అని ఉంది. ఆ పేరుతో పిలిస్తే చెవి కూడా కదపడు. అమ్మ ‘నాన్నా’ అంటుంది. నేను ‘బొచ్చుగాడు’ అంటాను. నాన్నగారు ‘ఏమండీ దొరగారూ, భోజనాలయ్యాయా?’ అంటారు. పాలబ్బాయి దృష్టిలో వాడు ‘బూనో’. మీ ఇంట్లో, మీ వీధిలో ఏమంటారో రాయండి. ఏ వైపు వాళ్లో కూడా చెబితే యాసలు తెలుస్తాయి. తిట్లు కూడా ఫర్వాలేదు, మరీ పచ్చివి మాత్రం వద్దు.

ఓరుగల్లు_పోరి
మా ఇంట్లో ‘బిడ్డా’. మగదైనా ఆడదైనా బిడ్డనే. అమ్మమ్మ సద్ది తినేటప్పుడు పక్కన కూర్చుంటే ‘ఏం బిడ్డా, ఆకలైతుందా?’ అని ముద్ద పెడుతుంది. ఆ ముద్ద తిని ఇంకో ముద్ద కోసం మోకాలి మీద కాలు వేస్తే ‘ఓరి నీ పాడుగాను’ అంటుంది. మా వైపు ‘నీ పాడుగాను’ని తిట్టుగా ఎవరూ లెక్కపెట్టరు.

బెజవాడ_బాబాయ్
మా ఇంట్లో ముద్దు మాట ఒక్కటీ లేదు, అన్నీ తిట్లే. దొంగ వెధవ, తిండిపోతు, మొద్దు, సోమరిపోతు. చెప్పు ఎత్తుకుపోయిన రోజున ‘నీ ఇల్లు బంగారం గానూ, ఇవాళ కూడా ఎడమ కాలిదేనట్రా?’ కుడి కాలి చెప్పు ముట్టుకోడు. గుమ్మంలో ఎన్ని జతలున్నా వాసన చూసి మరీ ఎడమదే తీసుకుంటాడు, తీసుకెళ్లి తులసి కోట వెనక పెడతాడు. మా ఆవిడ కన్న పిల్లల్ని కూడా ఇంత ముద్దుగా తిట్టలేదు.

సీమ_సందమామ
మాది కడప వైపు. ‘అబ్బోడా’ అంటాం. ఆడదైతే ‘అమ్మీ’. రాత్రంతా తిరిగి తెల్లారి వస్తే మా అవ్వ వాకిట్లోనే ఆపి ‘యాడికి పోయింటివి రా అబ్బీ?’ అని నిలదీస్తుంది. అది తోక కాళ్ల మధ్య పెట్టుకుని నిలబడుతుంది. సంజాయిషీ అయ్యాకే అన్నం.

ఓల్డ్‌సిటీ_చాయ్
హైదరాబాద్ పాత బస్తీలో షేరూ, కాలూ, మోతీ. వీధి ఏదైనా ఈ ముగ్గురూ ఉంటారు. ఇప్పటి పిల్లలైతే ‘డోగేశ్ భాయ్’ అంటున్నారు, హిందీ మీమ్స్ పుణ్యమా అని. మొన్న మా తమ్ముడు దానికి తెలుగు చేశాడు: శునకేశ్వరరావు గారు. హాస్టల్లో అదే స్థిరపడిపోయింది.

గోదారిగట్టు
శునకేశ్వరరావు గారికి మా ఊళ్లో ఇంకో బిరుదు ఉంది, ‘గ్రామసింహం’. వీధిలో వెళ్లే కుక్క మీదకొస్తే ‘సింహం గారికి కోపం వచ్చింది, పక్కకి తప్పుకోండి’ అంటారు పెద్దవాళ్లు. ఎవరైనా అరుగు మీద కూర్చుని బడాయిలు కొడుతుంటే వాళ్లకీ వర్తిస్తుంది.

నిఘంటువు_నానాజీ
పైన రాసిన వాళ్ల క్రియలు గమనించండి. ‘ముట్టుకోడు’, ‘పెడతాడు’, ‘కదపడు’. సీమ_సందమామ గారొక్కరే ‘నిలబడుతుంది’ అన్నారు. ఓరుగల్లు పోరి గారు క్రియే లేకుండా లాక్కొచ్చారు.

తెలుగు వ్యాకరణంలో కుక్క అమహత్తు, అంటే ‘వాడు’ అనకుండా ‘అది’ అనే కోవ. ‘వచ్చింది, తిన్నది’ అనాలి. ఇంటికి తెచ్చిన కొత్తలో అందరూ అలాగే అంటారు. ‘అది చాప తడిపేసింది’, ‘దాన్ని పెరట్లో కట్టెయ్యండి’. కొన్నాళ్లకి ఇంట్లో ఎవరో ఒకరు, చాలాసార్లు కుక్క వద్దే వద్దన్న మనిషే, ‘వాడు తిన్నాడా?’ అని అడుగుతారు. ఆ రోజు నుంచి పెరట్లో గొలుసు ఖాళీ. ‘బుజ్జి’, ‘కన్నా’ లాంటివి పక్కింటి కుక్కని కూడా అనొచ్చు, ఖర్చు లేని మాటలు. ‘వాడు’ మాత్రం అలా ఊరికే రాదు.

ఇంకో తమాషా ఉంది. ఇదంతా మగకుక్కలకే. తెలుగులో ఏకవచనంలో ఆడవాళ్లకీ పశువులకీ క్రియ ఒకటే కదా. ‘అమ్మాయి వచ్చింది, కుక్క వచ్చింది’. సొంత చెల్లెల్ని కూడా చనువుగా ‘అది ఇంకా నిద్ర లేవలేదు’ అంటాం. కాబట్టి ఆడకుక్క ఇంటి మనిషి ఎప్పుడయిందో బయటివాళ్లు పట్టుకోలేరు. అయితే ఇంట్లో రెండుంటే దొరికిపోతారు. ‘రెండూ తిన్నాయి’ అన్నారా, ‘ఇద్దరూ తిన్నారు’ అన్నారా? అక్కడ చూడాలి.

విశాఖ_వాన
నానాజీ గారూ, మా నాన్న అచ్చంగా ఇలాగే. పిల్లని తెచ్చిన రోజు ‘ఆ కుక్క ఉంటే నేనుండను’ అన్నారు. ఇప్పుడు ఫోన్ చేస్తే నా క్షేమం అడగరు, ‘వీడు పొద్దున్నించీ ముద్ద ముట్టలేదే’ అని మొదలుపెడతారు.

రామబాణం
కుక్కని కుక్క అంటే తప్పేంటి? ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో ‘మీ కుక్క కరుస్తుందా?’ అని అడిగితే ముఖం మాడ్చుకుంటున్నారు. ‘కుక్క అనకండి, పేరుంది’ అని క్లాసు పీకుతున్నారు. దాంతో అందరూ ‘డాగ్’ అనడం మొదలుపెట్టారు. ఇంగ్లీషులో అంటే గౌరవం, తెలుగులో అంటే అవమానమా?

బెజవాడ_బాబాయ్
తెలుగులో ఆ మాటని మనుషుల్ని తిట్టడానికి వాడీ వాడీ అరగదీశాం కదండీ. కుక్క బతుకు, కుక్క చావు, కుక్క బుద్ధి, కుక్క కాటుకు చెప్పు దెబ్బ. సామెతల్లో దానికి ఒక్క మంచి మాట పడ్డ పాపాన పోలేదు. మళ్లీ ‘విశ్వాసంలో కుక్కే నయం’ అనేది కూడా మనమే, అదీ ఇంకో మనిషిని తిట్టేటప్పుడే. అందుకే ‘మీ కుక్క’ అనగానే పెంచుకునే వాళ్లకి చురుక్కుమంటుంది.

సీమ_సందమామ
మరి గేటు మీద బోర్డు? ‘కుక్కలున్నవి జాగ్రత్త’ అనే కదా అందరూ రాయించేది! మా వీధిలో ఒకాయన, ఎవరైనా కుక్క అంటే ఊరుకోని మనిషి, ఆ బోర్డే పెట్టాడు. అడిగితే ‘అది దొంగల కోసం’ అన్నాడు.

ఓరుగల్లు_పోరి
పేపర్లలో చూడండి, ఒకే జంతువు. కరిస్తే వీధి కుక్క. పోలీసుల దగ్గర పనిచేస్తే జాగిలం. యజమానిని కాపాడితే శునకం. జాగిలం తప్పిపోయి వీధిలో ఎవరినైనా కరిస్తే హెడ్డింగ్ ఏం పెడతారో!

కొల్లేరు_కొంగ
జాగిలం అంటే పోలీసు కుక్క అనేది పేపర్ల అలవాటు. వేట కుక్కని ఎప్పటినుంచో జాగిలం అనే అంటారు. మా కొల్లేరు చుట్టుపక్కల జోనంగి జాగిలాలు ఉన్నాయి, కోస్తా జిల్లాల సొంత జాతి. పొట్టి వెంట్రుకలు, సన్నటి నడుము. మామూలు కుక్కల్లాగా మొరగదు, రాగం తీస్తుంది. నేలలో గుంట తవ్వుకుని అందులో పడుకుంటుంది. బాతుల మందల్ని తోలేవాళ్లు వీటిని వెంట తిప్పుకునేవాళ్లు. ఇప్పుడు అసలు జోనంగులు బాగా తగ్గిపోయాయి. కర్ణాటక ముధోల్, తమిళనాడు రాజపాళయం జాతి కుక్కలకి 2005లో తపాలా బిళ్లలు వచ్చాయి, మా దానికి అదీ లేదు.

ముద్దు మాటంటారా, మా తాత దాన్ని ‘సంగీతం మేష్టారు’ అనేవాడు. తెల్లవారుజామున అది ఎత్తుకుంటే ‘మేష్టారు పాఠం మొదలెట్టారు, లేవండర్రా’ అని మమ్మల్ని లేపేవాడు.

నిఘంటువు_నానాజీ
‘సంగీతం మేష్టారు’! ఇలాంటివి నిఘంటువుల్లో దొరకవు. ఇంకా రానివ్వండి.

విశాఖ_వాన
మా ఉత్తరాంధ్రలో రంగుని బట్టి పిలుస్తారు. నల్లదైతే కర్రోడు, ఎర్రదైతే ఎర్రోడు, మొహం మీద తెల్ల మచ్చ ఉంటే బొల్లిగాడు. ఎద్దుల పేర్లు కూడా ఇవే పద్ధతి కదా, కర్రి, పుల్ల, మైల, బొల్లి. దొడ్లో ఉన్నవాటన్నిటికీ ఒకటే లెక్క.

వీధి కుక్కల సంగతే సరదాగా ఉంటుంది. మా సందులో ఒక నల్ల కుక్క ఉంది. మా ఇంటి ముందు కర్రోడు. ఎదురింటి కాన్వెంటు పిల్లలకి ‘బ్లాకీ’. మూలనున్న టిఫిన్ బండి దగ్గర ‘ఇడ్లీ’, ఎందుకంటే దోసె పెడితే తినదు. పై వాటాలో పెద్దావిడ ‘భైరవా’ అంటారు. నాలుగు పేర్లకీ పలుకుతుంది. పొద్దున టిఫిన్ టైముకి ఎవరు ‘కర్రీ’ అని గొంతు చించుకున్నా తల తిప్పదు, అప్పుడు దాని పేరు ఇడ్లీ మాత్రమే.

భైరవకోన_భక్తుడు
‘భైరవా’ అని పిలవడం చాలా చోట్ల ఉంది. కాలభైరవుడి వాహనం కుక్క కదా. కామారెడ్డి జిల్లా రామారెడ్డిలో కాలభైరవస్వామి గుడి ఉంది, ఆ వైపు ఇళ్లల్లో కుక్కని కాలితో తన్నితే పెద్దవాళ్లు ఒప్పుకోరు. దత్తాత్రేయుడి పటంలో కాళ్ల దగ్గర నాలుగు కుక్కలుంటాయి, అవి నాలుగు వేదాలని చెబుతారు. స్వర్గం దాకా ధర్మరాజు వెంట నడిచింది కూడా కుక్కే. మా ఇంటి దాన్ని నేను ‘స్వామీ’ అంటాను. అయ్యప్ప మాల వేసుకున్న రోజుల్లో మాత్రం కొంచెం తికమక. ఇంటికొచ్చిన వాళ్లని ‘రండి స్వామీ’ అంటే ముందు ఇదొస్తుంది.

రామబాణం
దేవుడి వాహనమే, కాదనను. కానీ మా కాలనీలో స్వామి వారి వాహనాలు పదిహేను దాకా ఉన్నాయి, రాత్రి బండి మీద రావాలంటే టెన్షన్. ముద్దు మాటలు చెప్పేవాళ్లు ఒక్కళ్లూ వాటిని ఇంటికి తీసుకెళ్లరు. కోర్టు కూడా...

మోడరేటర్
రామబాణం గారూ, మీ ఇబ్బంది నిజమైనదే. వీధి కుక్కల బెడద, వాటి సంతాన నియంత్రణకి 2023లో వచ్చిన నిబంధనలు, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు, వీటి మీద వేరే చర్చ నడుస్తోంది. మీ వ్యాఖ్యలో మిగతా భాగాన్ని అక్కడికి మార్చాను. ఇక్కడ మాటల వరకే.

విశాఖ_వాన
మాటల వరకే అన్నారు కాబట్టి ఒకటి చెప్తా. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి వదిలిన కుక్కకి గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు కదా. మా సందులో అలాంటిది ఒకటి వచ్చింది. ఎవరూ పేరు పెట్టలేదు, దానంతటదే ‘చెవిటోడు’ అయిపోయింది. పాపం దానికి బ్రహ్మాండంగా వినబడుతుంది. బిస్కెట్ పాకెట్ చప్పుడుకి వీధి చివర నుంచి వస్తుంది.

పశువైద్యం_పాతకాపు
నేను సర్వీసులో ఉండగా ఓపీ చీటీ మీద పేరు రాసేవాణ్ని. ‘పేరేంటమ్మా?’ అంటే ‘సీజర్’ అనేవాళ్లు. ఇంజక్షన్ తీయగానే ‘ఏం కాదు బంగారం, ఏం కాదు నా తండ్రీ, డాక్టరు మామ ఏమీ చెయ్యడు’. బల్ల మీద నుంచి దింపే వరకు సీజర్ అనే మాటే వినబడేది కాదు. మామనీ, బాబాయినీ, ఒక్కోసారి తాతనీ కూడా అయ్యాను. భయపెట్టాలన్నా నేనే: ‘అల్లరి చేస్తే డాక్టరు గారు సూదేస్తారు’.

ఏ మాటైనా వాడుకోండి. ఎలా అంటారన్నది ముఖ్యం. 2016లో హంగరీ దేశం బుడాపెస్ట్‌లో శాస్త్రవేత్తలు 13 కుక్కలకి స్కానింగ్ యంత్రంలో కదలకుండా పడుకోవడం నేర్పి, మాటలు వినిపించి వాటి మెదడు చూశారు. మెచ్చుకునే మాటని మెచ్చుకునే గొంతుతో అన్నప్పుడే సంతోషానికి సంబంధించిన భాగం బాగా స్పందించింది. అదే మాట చప్పగా అన్నా, వాటికి అర్థం కాని మామూలు మాట ముద్దుగా అన్నా అంత స్పందన లేదు. అంటే మాట కూడా కావాలి, గొంతు కూడా కావాలి. నన్నడిగితే, బెజవాడ బాబాయ్ గారి కుక్కకి పుట్టినప్పటి నుంచీ మెచ్చుకోలు మాట ‘దొంగ వెధవ’ అయితే, దానికి అదే బంగారం, అదే కన్నా. కొత్తగా ‘గుడ్ బాయ్’ అంటే ఎవరినో అంటున్నారనుకుంటుంది.

జాగ్రత్త ఒకటే. పిలవడానికి వాడే మాటతో తిట్టకండి. ‘బ్రూనో! బ్రూనో!’ అని చెప్పు పట్టుకుని వెంటపడితే, రేపు గేటు తీసి ఉన్నప్పుడు బ్రూనో అని పిలిస్తే రాదు.

గోదారిగట్టు
డాక్టరు గారూ, మా వాడు చెవి కదపకపోవడానికి కారణం దొరికింది. స్నానానికి పిలిచేది ఆ పేరుతోనే.

డాలస్_దద్దోజనం
ఇక్కడ టెక్సస్‌లో మా అమ్మాయి (కుక్క) పేరు బుజ్జి. క్లినిక్‌లో ‘బూజీ’ అని పిలుస్తారు. మేమిద్దరం ఆఫీసు కాల్స్‌లో ఇంగ్లీషు, పిల్లలు ఇంట్లో ఇంగ్లీషు. ఇంట్లో పూర్తిగా తెలుగు వినేది ఇదొక్కటే. ‘ఇటు రావే’, ‘కూర్చో’, ‘నోట్లో ఏంటది, ఉమ్మెయ్’ అన్నీ తెలుసు. ట్రైనింగ్‌కి తీసుకెళ్తే ట్రైనర్ ‘సిట్’ అంటే అతన్ని ఎగాదిగా చూసింది. చివరికి ఆయన ‘కూర్చో’ నేర్చుకున్నాడు, ‘కూచ్చో’ అంటాడు, చక్కగా కూర్చుంటుంది. మా పిల్లలు బామ్మతో వీడియో కాల్‌లో నాలుగు ముక్కలు తెలుగు మాట్లాడతారంటే అవన్నీ దీనితో మాట్లాడి వచ్చినవే. అందుకే మా పెద్దవాడు మొన్న బామ్మని ‘కూర్చో, కూర్చో, గుడ్’ అన్నాడు.

ఓరుగల్లు_పోరి
బామ్మ కూర్చున్నదా లేదా?

డాలస్_దద్దోజనం
కూర్చుంది. బిస్కెట్ ఏదిరా అని అడిగింది.

సీమ_సందమామ
పిల్లలంటే గుర్తొచ్చింది. పసిపిల్లలకి కుక్క ‘బౌబౌ’. ‘బౌబౌ వచ్చింది, అన్నం తినెయ్’ అని బెదిరించేదీ దాంతోనే, ‘బౌబౌకి టాటా చెప్పు’ అని ఆడించేదీ దాంతోనే. పిలవడానికి నాలుకతో చప్పరింపు. తరమడానికి ‘ఛీ పో’. పక్కవాళ్ల కోళ్ల మీదికి వదలాలంటే ‘ఉస్కో’.

కొల్లేరు_కొంగ
ఉస్కో అనకండి, నా కాళ్ల దగ్గరున్నవాడు లేచి చూస్తున్నాడు. నేను గట్టిగా చదివాను లెండి.

బెజవాడ_బాబాయ్
‘-గాడు’ గురించి ఎవరూ రాయలేదేంటి? మనిషికి తగిలిస్తే గొడవవుతుంది, కుక్కకి తగిలిస్తే ముద్దు. టామీగాడు, పండుగాడు, గుండుగాడు, పొట్టిగాడు. మా అత్తగారు మాత్రం ఆయనకి ‘గారు’ తగిలించారు. ‘టైగరు గారు ఇవాళ పెరుగన్నం వద్దన్నారు’ అంటారు. ఆ ఇంట్లో అల్లుణ్ని, నాకు ఇంతవరకు ‘గారు’ రాలేదు.

భైరవకోన_భక్తుడు
మనుషుల పేర్లు పెట్టేవాళ్లు కొంచెం చూసుకోవాలి. మా బంధువుల ఇంట్లో కుక్క పేరు రాజు. ఎదురింట్లోకి అద్దెకి దిగినాయన పేరూ రాజే. ‘రాజూ, ఆ చెత్తలో మూతి పెట్టకు’ అని పొద్దున్నే వీళ్లు అరిస్తే, ఆయన కిటికీ వేసుకునేవాడు. మూడో నెలకి కుక్క పేరు ‘బాబ్జీ’ అయింది. అప్పుడు తెలిసింది, ఆయన ముద్దు పేరు అదేనట.

తెనాలి_కొత్తమెంబర్
నమస్తే అండీ, ఇప్పుడే చేరాను. వచ్చే వారం మా ఇంటికి ఆడకుక్కపిల్ల వస్తోంది. ఊరకుక్క కూన, ఎర్రగా ఉంటుంది, మెడ మీద తెల్ల చార. పిలవడానికి బాగుండే తెలుగు పేరు చెప్పరా? స్వీటీ, రోజీ వద్దు.

ఓరుగల్లు_పోరి
ఎర్రగా ఉంటే ‘చింతాకు’? కాదు, అది పచ్చన. ‘కుంకుమ’ పెట్టండి.

విశాఖ_వాన
మెడ మీద చార ఉంది కాబట్టి ‘చారమ్మ’. మా దొడ్డి పద్ధతి.

బెజవాడ_బాబాయ్
తెనాలి అన్నారు కాబట్టి ‘జిలేబి’.

నిఘంటువు_నానాజీ
పేరుతో పనేముంది, మీరే రాశారు కదా ‘కూన’ అని. ‘కూనా’ అని పిలవండి. పూర్వం తల్లులు పిల్లల్ని కూడా ‘నా కూన’ అనే అనేవారు.

పశువైద్యం_పాతకాపు
రెండక్షరాల పేరైతే తొందరగా పట్టుకుంటుంది, కూన బాగానే ఉంది. ఎనిమిది వారాలు నిండకుండా మాత్రం తల్లి దగ్గర నుంచి తేకండి. నట్టల మందు వేయించాలి, మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా. కార్డు మీద ఏ పేరు రాయిస్తారో మీ ఇష్టం.

తెనాలి_కొత్తమెంబర్
అందరికీ థాంక్సండీ. ఇంట్లో ఓటింగ్ పెట్టాను. మా ఆయన జిలేబి, పిల్లలు కూన. మా అత్తగారేమో ‘కుక్కకి పేరేంటి, పేరంటమా? అది ఇంట్లోకి వస్తే నేను మా చెల్లెలింటికి పోతా’ అంటున్నారు.

నిఘంటువు_నానాజీ
ఆవిడ చెల్లెలింటికి బస్సు టికెట్ తీసుకోకండి, డబ్బు దండగ.

ఓల్డ్‌సిటీ_చాయ్
ఫొటో పెట్టకుండా పేర్లు అడిగితే ఎట్లా? ముందు ఫొటో.